పైసలు ఎల్లక పోయినోళ్ళం

నేను కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఇంట్లో నన్ను ఎవరూ లెక్కచేయరు కనుక ఆ లోటును కాలేజీలో తీర్చుకునేవాణ్ణి. డెబ్బైల చివర్లో, పెళ్ళైన కొత్తలో, హనుమకొండ శివారున కొత్తగా వెలిసిన ఒక కాలనీలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. నేను సొంతంగా వేసిన మొదటి పెద్ద లెక్క అదే. జవాబు తప్పింది. అయితే జవాబు తప్పినా స్టెప్పులకు మార్కులు వేసే ధర్మం మా దగ్గర ఉంది. ఆ ధైర్యంతోనే స్టెప్పులన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజుల్లో వాడలో ఉండేవాళ్ళు వాడోళ్ళు, గల్లీలో ఉండేవాళ్ళు గల్లీవాళ్ళు. కాలనీలో ఉండేవాళ్ళు మాత్రం 'సార్లు'. స్టాఫ్ రూములో ఫిజిక్స్ ఆయనా కెమిస్ట్రీ ఆయనా అప్పటికే కాలనీ చేరిపోయారు. "నువ్వొక్కనివే మిగిలినవు గదనే" అన్నారు ఒకరోజు. లెక్క చివర శేషం మిగలడం నాకు మొదటినుంచీ ఇష్టం ఉండదు. నేనూ చేరిపోయాను.

నా భార్య వరంగల్ నేతవాడ పిల్ల. వాళ్ళది జంపఖానాలు నేసే ఇల్లు. పెళ్ళి పందిట్లో, సభల్లో నేలమీద పరిచే ఆ చారల జంపఖానాల మీద మా జిల్లాలో కూర్చోనివాళ్ళు ఉండరు. వాటిని ఎవరు నేశారని అడిగినవాళ్ళూ ఉండరు. తండ్రి పోతే ఆయన మగ్గం ఆమెకు వచ్చింది. అన్నదమ్ములు లేరు కనుక పని కూడా ఆమె చేతికే వచ్చింది. పెళ్ళిచూపుల్లో ఆమె నన్ను అడిగింది ఒక్కటే మాట.

"మగ్గం ఏడ పెట్టుకోవాలె?"

"ఇంట్లనే" అన్నాను, ఎంతో ఉదారంగా.

అది గుంటమగ్గం. నేలలో గుంట తవ్వి, దాని గట్టున కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, కింద ఉండే చెక్కల్ని మార్చి మార్చి తొక్కుతూ నేయాలి. అంటే మగ్గానికి ముందు కావలసింది మట్టినేల. కాలనీ ఇంట్లో నేల మొజాయిక్. దాన్ని చూపించేటప్పుడు ఓనరు చెప్పులు బయటే విడిచి, గుళ్ళోకి వచ్చినట్టు వచ్చాడు. ఆయన పాత కాంట్రాక్టరు. రోడ్ల మీద మిగిలిందంతా ఈ ఇళ్ళ మీద పెట్టాడని అనేవారు.

"ఈడ గుంట తవ్వుకోవచ్చునా?" అని అడిగింది నా భార్య.

ఆయన ఆమెను పైనుంచి కిందదాకా చూసి, గొంతు తగ్గించి, "ఎంత బంగారమున్నదమ్మా పాతిపెట్టెటందుకు?" అన్నాడు.

మగ్గం అని చెప్పేసరికి ఆయనకు నవ్వు ఆగలేదు. గోడకు మేకు కొట్టనివ్వని మనిషి నేలకు గుంట ఎట్లా ఒప్పుకుంటాడు. గుంజలు, పోగును కొట్టి బిగించే అచ్చు, తొక్కుడు చెక్కలు అన్నీ విప్పి, తాళ్ళతో కట్టి, మేము వాటిని అటక మీద పడేశాం. మా ఇంట్లో నేత అంటే ఆమే, రెండర్థాల్లోనూ. మగ్గం అటకెక్కాక ఒక అర్థం అటక మీదే ఉండిపోయింది.

ఇక కాలనీ కాపురం. మొదటి నెలలోనే తెలిసింది, అక్కడ ఇంటికి అద్దె ఇస్తే సరిపోదని. కుర్చీలు లేకపోతే వచ్చినవాళ్ళు నిలబడే మాట్లాడి వెళ్ళిపోతారు. కనుక కుర్చీలు. కుర్చీలున్న ఇంట్లో టీపాయి లేకపోతే కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక అతిథి ఒళ్ళో పెట్టుకుంటాడు. కనుక టీపాయి. కిటికీకి పరదా లేకపోతే పక్కింటివాళ్ళు మన ఇంట్లోకి చూడకుండా ఉండలేక ఇబ్బంది పడతారు, కనుక వాళ్ళ మర్యాద కోసం పరదా. కొమ్మును ముందుకు జరిపి చివర గుడి కడితే ఖర్చే కుర్చీ అవుతుందని అప్పుడే కనిపెట్టాను. అది ఏ పుస్తకంలోనూ లేదు.

బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే కూరగాయలామె పక్క వాడలో ఒక ధర చెప్పేది, కాలనీ గేటు దాటగానే ఇంకో ధర చెప్పేది. అదేమని అడిగితే, "మీరు గూడ అడుగుతరా సారూ" అనేది బాధగా. అట్లా అన్నాక ఎవరు అడుగుతారు. పాలవాడు, చాకలాయన, ఆ ఇంట్లోనే పుట్టి బడి ఈడుకొచ్చిన మా పాపను కాన్వెంటుకు తీసుకుపోయే రిక్షా ఆయన, అందరూ మమ్మల్ని గౌరవించారు. గౌరవం చాలా ప్రియమైన వస్తువు.

ఇవన్నీ ఎట్లాగో సాగేవే. సాగనిది ఒకటి ఉంది. సాయంత్రాలు ఆడవాళ్ళు ఒకరింట్లో ఒకరు కూర్చునేవారు. నా భార్య కుర్చీలో కూర్చుంటే ఆమె పాదాలు ఊరుకునేవి కావు. కుడిది నొక్కేది, ఎడమది లేచేది. ఎడమది నొక్కేది, కుడిది లేచేది. ఎదురింటి ఇంజనీరు గారి భార్య మంచి మనిషి. ఒకరోజు నన్ను గేటు దగ్గర ఆపి, "అన్నా, వదినెకు నరాల బలహీనతేమో, ఒకసారి దవాఖానల చూపియ్యిండ్రి" అని చెప్పింది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. ఆమె నవ్వలేదు.

"కాళ్ళు గింక మర్చిపోలేదు సారూ. చేతులు మర్చిపోతానయి." ఆమెకు కోపం వచ్చినా దిగులు వచ్చినా నన్ను 'సారూ' అనేది. "నిన్న ముడి ఎట్ల వేస్తరో యాది చేసుకుంట కూసున్న. తెగిన పోగుకు వేసే ముడి. చిన్నప్పుడు కండ్లు మూసుకొని వేసేదాన్ని. మా నాయిన చేతిపని నా దగ్గర్నే ఉన్నది. నేను మర్చిపోతే ఇగ అది యాడ ఉంటది?"

నేను లేచి పరదా సర్దాను.

ఈలోగా కాలనీలో ఒక వింత మొదలైంది. జనం ఖాళీ చేయసాగారు. మొదట మూల మీది బ్యాంకు ఉద్యోగి. ఎందుకు పోతున్నారంటే, ఆయన నిట్టూర్చి, "వంటిల్లు వాయవ్యంల పడ్డది. వాస్తు బాగలేదు" అన్నాడు. ఆయన ఇంటి వాయవ్యం సంగతి తెలియదు గానీ, ఆయన జేబు వాయుపూర్ణమని కిరాణం కొట్టాయనకు తెలుసు. తర్వాత తాలూకా ఆఫీసు ఆయన వెళ్ళాడు, ఆయనకు దక్షిణపు దర్వాజ పడలేదు. ఆ తర్వాత మా ఫిజిక్స్ ఆయన. భౌతికశాస్త్రం చదివినవాడు కదా, ఈశాన్యంలో బరువు ఎక్కువైందన్నాడు. అందరూ తెల్లారకముందే సామాను బండికెత్తేవారు. కుర్చీలు ముందు కనబడేటట్టు, సందుగపెట్టెలు వెనక. పోయేవాడు వాస్తు అనేవాడు, ఉన్నవాళ్ళు పాపం అనేవాళ్ళు. వాస్తు వేరు, వాస్తవం వేరని అందరికీ తెలుసు. కానీ ఖర్చు భరించలేకపోయామని నోటితో చెప్పడం కాలనీలో ఎవరూ చేయని పని. ఇంట్లో తినడానికి లేకపోయినా పళ్ళపుల్లతో బయటికి రావాలన్నది అక్కడి ఆచారం.

ఈ మర్యాదగల అబద్ధం ఊరికే పోలేదు. ఓనరు దాన్ని నమ్మాడు. అంతమంది చదువుకున్నవాళ్ళు చెప్తే నమ్మడా మరి. ఆయన ఒక వాస్తు సిద్ధాంతిని పిలిపించి ఇళ్ళన్నీ చూపించాడు. ఒకచోట దర్వాజ మూయించాడు, ఇంకోచోట కిటికీ తెరిపించాడు, ఒకరి వంటింటిని ఆగ్నేయానికి జరిపాడు. మేస్త్రీల కూలి, సిమెంటు, సిద్ధాంతి సంభావన అన్నీ కలుపుకుని, ఉన్నవాళ్ళందరికీ కిరాయి పెంచాడు. పెంచిన కిరాయికి తాళలేక ఇంకో ఇద్దరు వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ వాళ్ళూ వాస్తే అన్నారు. ఆయన మళ్ళీ మేస్త్రీని పిలిచాడు.

ఈ చక్రం మొదట చూసింది నా భార్య. లెక్కల మనిషిని నేను. చుట్టూ తిరిగే వృత్తాన్ని కనిపెట్టింది ఆమె.

"మనమంత కలిసి ఒక అబద్ధం చెప్తానం. దానికి మనమే కిరాయి కడుతానం" అంది.

"ఏమో, వాస్తు నిజంగనే..." అన్నాను.

"నువ్వు గూడనా సారూ" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అదే నెలలో సిద్ధాంతి మా ఇంటికి వచ్చాడు. పెద్దమనిషే, అరుగు మీద కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. దిక్సూచి పట్టుకుని అన్ని గదులూ తిరిగాడు. అంతా బాగుందన్నాడు. నేను ఊపిరి పీల్చుకోబోతుండగా తల ఎత్తి అటక చూశాడు.

"పైన అవేం చెక్కలు?"

ఓనరు చెప్పాడు, "మగ్గమట సామి. విప్పిపెట్టుకున్నరు."

సిద్ధాంతి తల అడ్డంగా తిప్పాడు. "ఆగిన మగ్గం ఇంట్ల ఉండరాదు. నడిస్తే లచ్చిమి, ఆగితే అరిష్టం. తీసెయ్యాలె."

"విన్నవుగద సార్" అన్నాడు ఓనరు నాతో. "గిదే దోషం. మా ఇండ్లు ఖాళీ అయితాన్నయంటే గీ చెక్కల తోనే. రేపే కట్టెల అడితికి పంపియ్యి. మంచి టేకు, పొయ్యిలకు పనికొస్తది."

వంటింటి గుమ్మంలో నా భార్య నిలబడి ఉంది. ఆమె ముఖం చూసి నేను ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. చెప్పేలోగా ఆమే ముందుకు వచ్చింది. సిద్ధాంతికి రెండు చేతులెత్తి దండం పెట్టింది.

"మంచి మాట చెప్పిన్రు సామీ. ఆగిన మగ్గం ఇంట్ల ఉండద్దు. నేనూ గదే అంటాన ఇన్నేండ్ల సంది." ఓనరు వైపు తిరిగింది. "అడితికి ఎందుకు పటేలా. దాన్ని నడిచేకాడికి తీస్కపోత. దానెంట నేను గూడ పోత."

తర్వాత నా వైపు చూసి, "నువ్వు వస్తవా, మొజాయిక్ తోని ఉంటవా?" అని అడిగింది.

జీవితంలో నన్ను ఇంత సులువైన ప్రశ్న ఎవరూ అడగలేదు. వస్తానన్నాను. ఓనరు నోరు తెరిచి, సిద్ధాంతి దిక్సూచి వైపు చూశాడు. అది మామూలుగానే ఉత్తరం చూపిస్తూ ఉంది.

ఇల్లు వెతకడానికి మేము నేతవాడలోనే తిరిగాం. చాలా ఇళ్ళలో నేల గచ్చు చేసుకున్నారు. చివరికి ఒక సందులో ముసలామె ఇంట్లో రెండు గదులు దొరికాయి. పెనిమిటి పోయాక ఆమె మగ్గం అమ్మేసి గుంట పూడ్చేసిందట. ఆమె నా జీతం అడగలేదు, కులం అడగలేదు, ఎంతమంది అని కూడా అడగలేదు.

"మగ్గం నడుస్తదా, మూలకు పెట్టుకుంటరా?" అని అడిగింది.

"నడుస్తది అవ్వా" అంది నా భార్య.

"గట్లయితే రాండ్రి. సప్పుడు లేక ఇల్లు బోసిపోయింది." కిరాయి కాలనీలో మేము కట్టేదానికి ఏ మూలకూ రాదు. ఆ మూల ఏ దిక్కో నేను అడగలేదు.

ఇక పోవడం. నాకు ఆనవాయితీ తెలుసు కనుక తెల్లవారుజామునే ఎడ్లబండి మాట్లాడదామన్నాను. ఎవరైనా అడిగితే అటక మీది చెక్కల దోషం అని చెప్పొచ్చు, సిద్ధాంతే స్వయంగా అన్నాడు కదా. అబద్ధం కూడా కాదు.

"ఆదివారం పగటీలి పోదం" అంది ఆమె. "అందరు ఇంట్ల ఉంటరు."

"అందుకే గదా వద్దనేది."

"అందుకే గదా పోయేది."

ఆదివారం ఎండ బాగా ఎక్కాక బండి వచ్చింది. ఆమె కుర్చీలను అడుగున వేయించింది. వాటి మీద పాత్రలు, వాటి మీద బొంతలు, అన్నిటికంటే పైన మగ్గం. గుంజలు ఆకాశంలోకి లేచి, ఊరేగింపుకు కట్టిన రథంలా ఉంది బండి. నేను ఎడ్ల వెనకాల నిలబడ్డాను, అక్కడ నన్ను గుర్తుపట్టడం కష్టమని. కాలనీ గేటు దగ్గరికి ఆడవాళ్ళు చేరారు. మగవాళ్ళు పేపర్లు చేతిలో పట్టుకుని అరుగుల మీద నిలబడ్డారు.

"ఏమయింది వదినా, చెప్పనే లేదు" అంది ఇంజనీరు గారి భార్య. "మీ ఇంట్ల గూడ వాస్తు కుదరలేదా?"

"అవునమ్మా, అటక మీద..." అని నేను మొదలుపెట్టాను.

"వాస్తు మంచిగనే ఉన్నదొదినా" అంది నా భార్య, నా మాటకు అడ్డం రాకుండా, దాని మీది నుంచే నడిచి. "పైసలే ఎల్లుతలేవు. నెలంత లాగుతాం గని ఎల్లయి. నాకు మగ్గం లేకుంట పొద్దు పోదు. అందుకే పోతానం."

ఎల్లడం అంటే మా దగ్గర సరిపోవడం. చిన్న మాట. ఆ కాలనీలో ఆ మాట అంతవరకూ ఎవరి నోటా వినలేదు. నేను ఒక ఎద్దు కొమ్మును శ్రద్ధగా పరిశీలించాను. ఎడమ కొమ్ము కొంచెం వంగి ఉంది.

అప్పుడు ఇంజనీరు గారి భార్య, నేల చూపులు చూస్తూ, "మాకు గూడ ఎల్లుతలేవు వదినా" అంది.

అరుగు మీద ఇంజనీరు గారి పేపరు కిందికి జారింది.

"మా ఫ్రిజ్జు కరెంటు పీకేసి ఏడాదైంది" అందామె, ఇక ఆగలేనట్టు. "ఎవలొచ్చినా సల్లటి నీళ్ళు అడుగకుండ ముందే చాయ్ ఇచ్చేస్త. ఫ్రిజ్జుల పట్టుచీరెలు పెట్టుకున్న. కలరా ఉండలు వేసి."

నా భార్యకు నవ్వు వచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. ఆమె నవ్వితే ఇంజనీరు గారి భార్యా నవ్వింది. పక్కనున్న కాంపౌండరు గారి భార్య పైట నోటికి అడ్డం పెట్టుకుని, "మేం ఆదివారం కూర వండుతలేం అక్కా" అంది. "ఉత్త మసాల ఏపుతం. వాసన బయటికి పోవాల్నని కిటికీ తెరిచి పెడుతం. తినేది జొన్న గట్కనే."

"గా వాసనకే మా ఆయన ప్రతి ఆదివారం నన్ను తిట్టేది" అని వెనకనుంచి ఇంకొకామె. "వాళ్ళింట్ల మటన్ అయితాంది, మనింట్ల పప్పేనా అని."

ఇంక ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియలేదు. అన్నేళ్ళు పరదాల వెనక ఉన్నవన్నీ గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. ఒకామె సోఫాకు కవరు ఎందుకు తీయదో చెప్పింది: కవరు కింద ఉన్నది సోఫా కాదు, రెండు ట్రంకుపెట్టెలు. మగవాళ్ళలో కెమిస్ట్రీ ఆయన మొదట నవ్వాడు. ఆ తర్వాత ఇంజనీరు గారు అరుగు దిగి వచ్చి, ఏమీ అనకుండా, మా బండి తాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూశాడు. మగవాడు క్షమాపణ చెప్పినా, అభినందన చెప్పినా మా వైపు తాడు లాగే చెప్తాడు.

ఓనరు గుమిగూడిన జనాన్ని చూసి పరుగున వచ్చాడు.

"గిదేందమ్మా, నడిబజార్ల గీ మాటలేంది? కాలనీ పేరు ఖరాబు చేస్తాన్నవు."

"ఇంటికి కిరాయి ఇచ్చినం పటేలా, మీకు బాకీ లేం" అంది నా భార్య మర్యాదగా. "పేరుకు గూడ కిరాయి కట్టే తాకత్ మా దగ్గర లేదు. గదే చెప్తాన."

బండి కదిలింది. గేటు దాటి రోడ్డెక్కేదాకా వెనకనుంచి ఆడవాళ్ళ నవ్వు వినిపిస్తూనే ఉంది. నేను ఎడ్ల వెనక నుంచి వచ్చి బండి ముందు నడిచాను. ఎందుకు నడిచానో తెలియదు, కానీ ఆ రోజు నన్ను ఎవరూ చూడకపోతే బాధపడేవాణ్ణి.

నేతవాడలో గుంట తవ్వే బాధ్యత నేను తీసుకున్నాను. ఎవరైనా తవ్విన గుంటలో పడటం నాకు అలవాటే గానీ తవ్వడం అదే మొదటిసారి. లోతు ఎంతుండాలో నా కాలితో కొలుచుకుని, చెమటలు కక్కుతూ తవ్వాను. మగ్గం బిగించాక ఆమె గట్టు మీద కూర్చుని కాళ్ళు దించింది. పాదాలు గాల్లో ఊగాయి, చెక్కలు అందలేదు.

"ఎవల కాళ్ళకు తవ్వినవయ్యా?" అంది ఇంటి అవ్వ.

"నా కాళ్ళకు."

"నేసేది నువ్వా?"

సందులో ముగ్గురు నలుగురు నేతన్నలు చూడటానికి వచ్చారు. వాళ్ళు నవ్వకుండా ఉండటానికి పడిన కష్టం నేను తవ్వడానికి పడినదానికంటే ఎక్కువ. మళ్ళీ మట్టి పోసి, తొక్కి, సరిచేశాం.

ఆ తర్వాతిది నవ్వులాట కాదు. ఆమె నేయడం మొదలుపెట్టింది, రాలేదు. కాళ్ళు తొక్కుతున్నాయి, పోగును అటూ ఇటూ దాటించే నాడె పట్టిన చెయ్యి వెనకబడుతోంది. పోగు తెగేది. ముడి వేయబోతే జారిపోయేది. జానెడు నేసి, చూసుకుని, మళ్ళీ అంతా విప్పేసేది. కొన్నాళ్ళు ఇట్లాగే గడిచింది. నేను కాలేజీనుంచి వచ్చేసరికి మగ్గం మీద పొద్దున ఉన్నంతే ఉండేది, లేదా ఇంకా తక్కువ. ఇంత చెప్పి, ఇంత నవ్వించి, అందరి ముందు రథంలా ఊరేగించి తెచ్చిన మగ్గం నడవకపోతే ఏమవుతుందో నేను అడగలేదు. ఆమె కూడా అదే అనుకుంటోందని మాత్రం తెలుసు.

ఒకరోజు ఇంటి అవ్వ వచ్చి, గుంట పక్కన చతికిలబడి, కాసేపు చూసింది.

"కాళ్ళకు యాదికున్నది బిడ్డా. చేతులకు సిగ్గయితాంది. నువ్వు చేతుల దిక్కు చూడకు."

"మరి యాడ చూడాలె అవ్వా?"

"నా దిక్కు చూడు. నాతోని ముచ్చట పెట్టు."

ముచ్చట పెట్టింది. అవ్వ తన కోడలి మీద, మనవడి మీద, రేషన్ బియ్యం మీద, పెనిమిటికి ఉన్న తిండియావ మీద ఎడతెగకుండా మాట్లాడింది. నా భార్య జవాబు చెప్తూ, మధ్యలో ఎదురు మాట వేస్తూ, ఒకచోట గట్టిగా నవ్వుతూ కూర్చుంది. నేను గుమ్మంలో, నాడెలో పెట్టే కండెలకు పోగు చుడుతున్నాను. నాకు అప్పగించిన ఏకైక పని అదే. ఎప్పుడు మొదలైందో గమనించలేదు గానీ, కొంతసేపటికి ఇంట్లో ఒక చప్పుడు ఆగకుండా వస్తోంది. అచ్చు వచ్చి తగిలే చప్పుడు, మళ్ళీ తగిలే చప్పుడు, మధ్యలో చెక్కల మోత. పోగు తెగింది. అవ్వ మాట ఆపలేదు. నా భార్య తల తిప్పకుండానే తెగిన కొసలు రెండూ పట్టుకుని ముడి వేసేసింది. వేశాక తన వేళ్ళ వైపు చూసుకుంది.

"చూడకంటినా" అంది అవ్వ. ఆమె కూడా కళ్ళు తుడుచుకుంటూ ఉంది, కోడలి సంగతి తలచుకునో మరెందుకో.

అప్పటినుంచి మగ్గం ఆగలేదు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు అది పొద్దు తెలిపే చప్పుడైంది. కాలనీలో ఎన్ని కుర్చీల్లో కూర్చున్నా నాకు రాని నిద్ర ఆ మోతలో వచ్చేది. నా తలలో దూది, చొక్కా మీద దూది, చాక్‌పీసు పొడితో కలిసిపోయి పిల్లలకు తేడా తెలిసేది కాదు.

కాలనీ సంగతులు కాంపౌండరు గారి ద్వారా వచ్చేవి. ఆయన ఆరు నెలలు తిరగకుండా మా పక్క సందుకే వచ్చి చేరాడు, పట్టపగలే, కుర్చీలను బండి ముందు పెట్టకుండా. ఎందుకు వచ్చారని వాడలోవాళ్ళు అడిగితే, "పైసలు ఎల్లక" అన్నాడు, ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు అన్నంత ధీమాగా. తర్వాత ట్రంకుపెట్టెల సోఫా వాళ్ళు. ఆ పెట్టెలకు ఇప్పుడు కవరు లేదు. వాళ్ళూ అడక్కముందే ఆ మాటే చెప్పేవారు. ఓనరు ఇళ్ళ ముందు టు-లెట్ బోర్డులు పెట్టాడు, అప్పటికే టూ లేట్. ఎవరూ వాస్తు అనకపోయేసరికి మేస్త్రీని పిలిచే అవసరం రాలేదు, మేస్త్రీ రాకపోయేసరికి కిరాయి పెంచే సాకు దొరకలేదు. ఏడాది తర్వాత కిరాయి తగ్గించాడని తెలిసింది. ఇంజనీరు గారు అక్కడే ఉండిపోయారు, తగ్గిన కిరాయికి. ఆయన భార్య మాత్రం వారానికొకసారి బస్సెక్కి మా ఇంటికి వచ్చేది. ఫ్రిజ్జు అమ్మేశామని ఆమె చెప్పిన రోజు ఇంట్లో పండగలా ఉంది.

అంతకు చాలా ముందే, ఇంజనీరు గారి భార్య వచ్చి ఉన్న ఒక రోజు, మొదటి జంపఖానా మగ్గం మీదినుంచి దిగింది. ఎరుపు, నీలం చారలు. నా భార్య తండ్రి వేసే చారలే, నీలం మాత్రం ఆమె కొంచెం వెడల్పు చేసింది. ఒక అంచు దగ్గర రెండు మూడు వరసలు వదులుగా ఉన్నాయి. అవి నేను చుట్టిన కండెల పోగులు. కళలో నా వంతు అంతే, ఎవరైనా చూస్తే సులువుగానే గుర్తుపట్టగలరు.

నా భార్య, అవ్వ, ఇంజనీరు గారి భార్య ముగ్గురూ పట్టుకుని దాన్ని సందులోకి తెచ్చి దులిపారు. దూది ఎగిరి ఎండలో తేలింది. పక్క ఇళ్ళ మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి, మనుషులు గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరూ బాగుందనలేదు. నేతవాడలో బాగుందని అనరు, అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూస్తారు. అందరూ వరసగా వచ్చి నలిపి చూశారు. ఒక ముసలాయన వదులు వరసల దగ్గర ఆగి, నా వైపు ఒక చూపు చూసి, ముందుకు వెళ్ళాడు.

ఆ వేళకే జంపఖానాలు కొనే దుకాణదారు సైకిల్ మీద ఆ దారిన పోతూ దిగాడు. అంచు నలిపాడు. రెండో అంచు కూడా నలిపాడు.

"ఎంతకిస్తవమ్మా?"

ఆమె జంపఖానాను మడత మీద మడత వేసి చంకలో పెట్టుకుంది.

"ఇది ఇయ్య. మగ్గం మీద రెండోది ఎక్కుతాంది, దాని ధర మాట్లాడు."